ఫీల్డ్ టెస్టు చెప్పని సంగతి

బుధవారం, రాత్రి

పొద్దంతా ఫీల్డ్ టెస్టులే, అంటే చూపు చుట్టుపక్కలకు ఎంతమేర అందుతుందో చూసే కంటి పరీక్షలు. వచ్చినవాళ్లందరికీ అవే మాటలు: మధ్యలో పసుపు లైటునే చూడండి, చుట్టుపక్కల మినుకుమంటే బటన్ నొక్కండి. ఒక్కో మినుకు 0.2 సెకను. ఆ పసుపు లైటుతో పనేమీ లేదు, ఊరికే చూడటమే. అందుకే ఆ రిపోర్టు కంటి సంగతి చెబుతుంది గానీ మెహిదీపట్నం సంగతి చెప్పదు.

అక్కడ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కాలా, కిందినుంచే పోవాలా అని బోర్డు చదువుతున్న డ్రైవరుకు ఎడమపక్క దూరిన స్కూటీ ఆనదు. "కళ్లు కనబడట్లేదా?" అని తిట్టు. కనబడుతున్నాయి. స్కూటీ బొమ్మ రెటీనా మీద పడింది, ధ్యాసంతా చదవడానికే సరిపోయింది. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో రెండు సెకన్ల చదువంటే 22 మీటర్లు.

ధ్యాస ఇలా చూపును తినేయడం ఇంట్లో చూడాలంటే ముగ్గురు చాలు. ఒకరు కూర్చుని ఒక కన్ను మూసుకోవాలి. మీటరు దూరంలో ఇంకొకరు రెండు సెంటీమీటర్ల అక్షరాలు రాసిన చీటీలను సెకనుకొకటి చొప్పున ఒకేచోట మార్చాలి. మూడో మనిషి, కూర్చున్న మనిషి చూపు అంచున అర సెకను పాటు ఒకటో, రెండో, ఐదో వేళ్లు చూపాలి. మూడూ నాలుగూ వద్దు, అంచున తేడా తెలియదు. వేళ్లు ఆడించొద్దు, కదలికను అంచుచూపు ఇట్టే పట్టేస్తుంది.

మొదట ఘ చీటీల్లో ఠ లెక్కపెట్టించాలి. తేలికే. తర్వాత ప, ష చీటీల మధ్య ఫ. ఇక్కడే వేళ్ల లెక్క తప్పడం మొదలవుతుంది. చీటీల లెక్క కూడా అడగాలి. అది తప్పి వేళ్లు కరెక్టయితే, కూర్చున్న మనిషి మధ్యపని, అంటే చీటీల లెక్క, ఎగ్గొట్టి పక్కకు కాపు కాశాడన్నమాట. చీటీలు మార్చే మనిషి అతని కన్ను చీటీల మీంచి కదలట్లేదని గమనిస్తుండాలి. రెప్పలు మాత్రం వేయనివ్వాలి, గుచ్చి చూస్తే అంచులు వాటంతటవే మాసిపోతాయి. 1804లో స్విస్ వైద్యుడు ట్రాక్స్‌లర్ గమనించింది అదే, ధ్యాసతో సంబంధం లేని వేరే తతంగం.

మధ్యపని బరువు పెరిగేకొద్దీ పనికొచ్చే చూపుమేర కుంచించుకుపోతుందని 1975లో పరిశోధకులు ఇకెడా, టకెయుచి కొలిచి చూపారు. దీన్ని సొరంగంతో పోలుస్తారు. నాకు ఆ పోలిక నచ్చదు. సొరంగంలో గోడ కనబడుతుంది. ఇక్కడ ఏదో తగ్గిందన్న అనుమానం కూడా రాదు.