థ్యాంక్స్‌గివింగ్ సరుకులు: టర్కీ ఫ్రిజ్‌లోకి, క్రాన్‌బెర్రీలు రోట్లోకి

శనివారం: థ్యాంక్స్‌గివింగ్, అదే ఇక్కడి అమెరికా పండగ, వచ్చే గురువారం. అన్నయ్యవాళ్లు హ్యూస్టన్ నుంచి వస్తున్నారు, అత్తయ్యగారు మామయ్యగారు ఎలాగూ ఇక్కడే ఉన్నారు కాబట్టి 14 పౌన్ల టర్కీ కోడి తీసుకున్నాం. మనిషికి పౌను నుంచి పౌనున్నర లెక్కన చూసుకుంటే సరిపోతుంది. గడ్డకట్టిన పక్షి ఫ్రిజ్‌లో కరగడానికి ప్రతి నాలుగైదు పౌన్లకు ఒక రోజు పడుతుంది, పైన మసాలా పట్టడానికి ఇంకో రాత్రి కావాలి, అందుకే నా దృష్టిలో మిగతా సరుకులన్నీ ఎప్పుడు తెచ్చినా ఫర్వాలేదు గానీ టర్కీ మాత్రం ఇవాళే ఇంటికి రావాలి. ఇడ్లీ పిండి, పచ్చళ్ల సీసాలు పైకి సర్ది, కింది అరలో లోతైన ట్రేలో పెట్టాను. నీరు కారితే కూరగాయల మీద పడకూడదు.

కొనేటప్పుడు లేబుల్ చదవండి. చాలావాటికి ఉప్పునీళ్లు ముందే ఎక్కించి ఉంటారు, అలాంటిదైతే మసాలాలో ఉప్పు బాగా తగ్గించాలి.

సోమవారం: ఆఫీసు అయ్యాక ఇండియన్ స్టోర్. మా ఊరు ఇర్వింగ్‌లో (టెక్సాస్, డాలస్ పక్కన) శని ఆదివారాలు పార్కింగే దొరకదు, సోమవారం సాయంత్రం హాయిగా ఉంటుంది. మామయ్యగారు మాంసం తినరు, ఆయన కోసం గుత్తి వంకాయ. తొడిమ పచ్చగా, కాయ గట్టిగా ఉన్నవి ఏరుకున్నాను. కరివేపాకు, పచ్చిమిర్చి, కొత్తిమీర, కందిపప్పు కూడా ఇంట్లో అయిపోయాయి, అవీ తెచ్చాను.

క్రాన్‌బెర్రీలు (చిన్న ఎర్రటి పుల్లటి పళ్లు) మామూలు సూపర్‌మార్కెట్‌లోనే, 12 ఔన్సుల సంచులు. తాజావి ఈ సీజన్‌లోనే దొరుకుతాయి గనక రెండు ఎక్కువే తెచ్చి, కడక్కుండా అలాగే ఫ్రీజర్‌లో పడేశాను, పప్పులోకి పనికొస్తాయి. పచ్చడి మాత్రం ఇవాళే చేశాను. మెత్తబడ్డవి ఏరేసి, కడిగి, తడి ఆరాక నూనెలో పచ్చిమిర్చితో పాటు వేస్తే నిమిషంలో చిటపటమని పగిలి ముద్దవుతాయి. వేయించిన మెంతులు, ఆవాలు, ఎండుమిర్చి దంచి అందులో కలిపి, ఇంగువ పోపు పెట్టాను. చింతపండు అస్సలు అక్కర్లేదు, ఆ పులుపే ఎక్కువ, కాస్త బెల్లం పడితే గానీ సర్దుకోలేదు. అత్తయ్యగారు వేడన్నంలో కలుపుకొని తిని “ఇంకో సీసా పెట్టమ్మా, అన్నయ్యవాళ్లకీ ఇవ్వచ్చు” అన్నారు. చాలా సంతోషమేసింది.

మంగళవారం: చిల్లర పనులు. పెట్రోలు, మాంసం ఉడికిందో లేదో చూసే థర్మామీటర్‌కి బ్యాటరీ, పెద్ద అల్యూమినియం ట్రే, ఫాయిల్, మామయ్యగారి బీపీ మాత్రలు. గురువారం కాస్ట్‌కో, వాల్‌మార్ట్, టార్గెట్ మూడు పెద్ద దుకాణాలూ మూసేస్తారు, చివరి నిమిషంలో పరుగెత్తే వీలుండదు. మందులైతే అసలు ఆఖరు దాకా ఆపొద్దు.

బుధవారం: టర్కీ మెత్తగా కరిగింది. లోపల మెడ ముక్క, కాలేయం ఉన్న చిన్న సంచి ఉంటాయి, చెయ్యి పెట్టి రెండు వైపులా వెతికి తీసేయాలి. కడగనిదే మనవాళ్లకు మనసొప్పదు, కానీ కుళాయి కింద పెడితే ఆ నీళ్లు చింది సింకంతా క్రిములే. పేపర్ టవల్‌తో గట్టిగా అద్దితే చాలు. రొమ్ము దగ్గర చర్మం కిందికి వేళ్లు పోనిచ్చి, చిరగకుండా మెల్లగా వదులు చేసి, అల్లం వెల్లుల్లి, కారం, ధనియాల పొడి, గరం మసాలా, నిమ్మరసం కలిపిన వెన్న లోపలికి రాశాను. చర్మం ఆరితేనే కరకరలాడుతుంది కాబట్టి మూత పెట్టకుండా ఫ్రిజ్‌లోనే ఉంచాను.

గురువారం ఒంటిగంటకు భోజనం. 325 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో ఈ సైజుకు మూడు నుంచి మూడు ముప్పావు గంటలు, తర్వాత ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచాలి, అంటే ఎనిమిదిన్నరకల్లా ఓవెన్‌లోకి వెళ్లాలి. తొడ మందంగా ఉన్నచోట, ఎముకకు తగలకుండా థర్మామీటర్ గుచ్చితే 165 డిగ్రీలు చూపించాలి. ఓవెన్ ఖాళీ ఉండదు కాబట్టి వంకాయ, పప్పు పొయ్యి మీదే. పెరుగు, ఐసు అన్నయ్య దారిలో తెస్తానన్నాడు.