ఫిర్ అని కొన్న మొక్క: రెండేళ్ళ లెక్క

2022 డిసెంబర్ 18

విజయనగరంలో మేం ఉంటున్న వాటాకి దగ్గర్లో ఓ నర్సరీ ఉంది. గులాబీల కోసం వెళ్తే ఓ మూల నల్ల కవర్లో ఇది కనబడింది. నిటారుగా ఒక కాండం, దాని చుట్టూ గొడుగు ఊచల్లా ఐదేసి కొమ్మలు. అలాంటి వరసలు నాలుగు. ఇదేంటని అడిగితే, "ఫిర్ ట్రీ అండీ, క్రిస్మస్ చెట్టు. మంచు దేశాల్ది, చల్లగా ఉంచుకోవాలి" అన్నాడు. నాలుగొందలు చెప్పి మూడొందల యాభైకి ఇచ్చాడు.

ఎల్‌టీసీ మీద మనాలి వెళ్ళినప్పుడు దేవదారు చెట్లు దాటి ఇంకా పైకెళ్తే ఫిర్ చెట్లు చూశాను. అప్పటి నుంచీ ఆ ఆకారం మీద మోజు. అందుకే బేరం కూడా గట్టిగా ఆడలేదు. ఇంటికొచ్చి టేపుతో కొలిచాను: మట్టి దగ్గర్నుంచి చిగురు వరకూ 22 అంగుళాలు. ఈ లెక్క రాసుకోవడం ఆ రోజే మొదలు.

2023 జనవరి నుంచి ఏప్రిల్ వరకు

చల్లగా ఉంచమన్నాడు కదా అని పడకగదిలో పెట్టాను. ఇంట్లో ఏసీ ఉన్నది ఆ గదికే. జనవరి అంతా బాగానే ఉంది. ఫిబ్రవరి ఆఖర్లో ఏసీ వేయడం మొదలుపెట్టాక కింది వరస కొమ్మలు చివర్ల నుంచి గోధుమరంగులోకి తిరిగాయి. నీళ్ళు చాలలేదనుకుని రోజూ పోశాను. దాంతో మట్టి బురదై కుండీలోంచి వాసన వచ్చింది. మార్చి నెలాఖరుకి కింది వరస పూర్తిగా రాలిపోయింది, రెండోది సగం. కొమ్మలన్నీ కిటికీ వైపే తిరిగి మొక్క ఓ పక్కకి ఒరిగింది.

ఉగాదికి ఊరి నుంచి వచ్చిన మామ్మ గదిలోకి తొంగి చూసి, "ఏట్రా ఇది? సరుగుడు మొక్కకి ఏసీ ఎట్టినావా?" అంది. ఇల్లంతా ఒకటే నవ్వు. నేను మాత్రం ఆ మాట దగ్గరే ఆగాను. నిజంగానే ఇది ఏ మొక్క?

2023 మే

సెలవుల్లో మా అమ్మాయి భూతద్దం తీసుకుని కూర్చున్నాను. ఈ ఎంట్రీ పొడుగ్గానే ఉంటుంది. మొదటి నెల్లోనే ఈ పని చేసుంటే కింది కొమ్మలు దక్కేవి.

ముందు మామ్మ అనుమానం తీర్చాలి. సరుగుడు ఆకులు అనుకునేవి నిజానికి ఆకులు కావు, సన్నటి కణుపుల పుల్లలు. చిన్నప్పుడు వాటిని కణుపు దగ్గర లాగి, మళ్ళీ అతికించి, "ఎక్కడ విరిచానో చెప్పు" అని ఆడుకోని మా ఉద్దానం (శ్రీకాకుళం తీరప్రాంతం) పిల్లలుండరు. నా మొక్కని అలా లాగితే కణుపు లేదు, అతుకు లేదు. సరుగుడు పూత పూసే జాతి, సూదాకు చెట్లతో చుట్టరికం లేదు. ఈ మాట మామ్మకి చెప్పాను, వినలేదు.

తూజా కూడా కాదు. తూజా ఆకు విసనకర్రలా పలచగా, ఇస్త్రీ చేసినట్టు ఉంటుంది.

ఇక అసలు సూదాకు చెట్లు. పైన్ అయితే సూదులు రెండో, మూడో, ఐదో కలిపి ఒకే మొదట్లోంచి కట్టలా వస్తాయి. నా మొక్కలో కట్టలు లేవు. స్ప్రూస్ సూది నలుపలకలుగా ఉంటుంది, వేళ్ళ మధ్య దొర్లించొచ్చు. రాలాక కొమ్మ మీద చిన్న మేకు మిగిలి, ముట్టుకుంటే గరుకుగా తగులుతుంది. ఫిర్ సూది బల్లపరుపుగా ఉంటుంది, వేళ్ళ మధ్య దొర్లదు. అడుగున రెండు తెల్లటి చారలుంటాయి. పీకితే గుండ్రటి నున్నటి మచ్చ తప్ప కొమ్మ మీద ఏమీ మిగలదు. కాయలు కూడా స్ప్రూస్‌కి కిందికి వేలాడితే, ఫిర్‌కి కొమ్మ మీద కొవ్వొత్తుల్లా పైకి నిలబడతాయి. చెట్టు మీదే పొలుసులుగా విడిపోతాయి కాబట్టి ఫిర్ కింద పూర్తి కాయ దొరకడం అరుదు. మనాలిలో నేల మీద ఏరుకొచ్చి ఫిర్ కాయ అని షోకేసులో పెట్టింది మరి ఏ చెట్టుదో!

నా మొక్క ఈ పరీక్షలన్నీ తప్పింది. దీని ఆకుని ఒక్కదాన్నే పీకడం కుదరదు, పుల్లతో పాటు చినుగుతుంది. ఆకులు మెత్తగా, కొస పైకి వంగి, పుల్ల చుట్టూ అన్ని వైపులా ఉన్నాయి. ఎండితే ఆకులు రాలవు, పుల్లకి పుల్లే ఊడి పడుతుంది. మా గదిలో ఊడ్చినవన్నీ అలాంటివే.

తేలిందేమిటంటే ఇది అరకేరియా. నర్సరీల్లో క్రిస్మస్ చెట్టు పేరుతో అమ్మేది ఎక్కువగా ఇదే. ఇందులో రెండు రకాలు బాగా కలిసిపోయి తిరుగుతుంటాయి. ఒకటి నార్ఫోక్ పైన్, పసిఫిక్‌లోని నార్ఫోక్ ద్వీపానిది. ఆ ద్వీపం జెండా మీద ఉన్న చెట్టు ఇదే. రెండోది కుక్ పైన్, న్యూ కాలెడోనియాది. పేరులో పైన్ ఉన్నా రెండూ పైన్లు కావు. రెండూ మంచు కొండల చెట్లు కావు, సముద్రపు గాలిలో పెరిగేవి. అంటే మన బారువ, కళింగపట్నం గాలి దీనికి పుట్టింటి గాలి లాంటిది. నేనేమో దాన్ని తీసుకెళ్ళి 22 డిగ్రీల పొడిగాలిలో, చీకట్లో కూర్చోబెట్టాను.

చిన్న వయసులో ఈ రెంటినీ విడదీసి చెప్పడం కష్టం. పెద్దయ్యాక కుక్ పైన్ సన్నటి స్తంభంలా పెరుగుతుంది, బెరడు కాగితంలా పలచటి పొరలుగా ఊడుతుంది. ఇంకో గుర్తు కూడా ఉంది, అది తర్వాత చెప్తాను.

ఆ రోజే మొక్క వరండాలోకి వచ్చింది. పొద్దుటి ఎండ తొమ్మిదిన్నర దాకా తగులుతుంది, ఆ తర్వాత నీడ. నేరుగా మే ఎండలో పెట్టలేదు. గదిలో ఉన్న మొక్క ఒక్కసారిగా ఎండకి వస్తే ఆకు మాడుతుంది. వారానికోసారి కుండీని పావు వంతు తిప్పుతున్నాను.

2023 జులై

వానలు పట్టాక కుండీ మార్చాను. లోపల చూస్తే ఒకటి కాదు, మూడు మొక్కలు! గుబురుగా కనబడాలని ఒకే కవర్లో మూడు మొలకలు నాటడం మామూలేనట. నేను 22 అంగుళాలని కొలిచింది వాటిలో పెద్దదాన్ని. వేళ్ళ చుట్టూ నల్లటి బంకమట్టి ముద్ద. నీళ్ళు ఆ ముద్దలోకి దిగితే దిగవు, దిగితే ఆరవు. బకెట్ నీళ్ళలో గంటసేపు నానబెట్టి, మెల్లగా విడదీశాను. పెద్దదీ మధ్యదీ బాగానే వచ్చాయి, చిన్నదాని వేరు తెగింది. అది పదిహేను రోజుల్లో పోయింది. మళ్ళీ చేయాల్సి వస్తే విడదీయను. ఈ చెట్టుకి వేరు కదిపితే పడదు.

మట్టి ఇలా కలిపాను: ఎర్రమట్టి రెండు పాళ్ళు, ఏటి ఇసుక ఒకటి, కొబ్బరి పొట్టు ఒకటి, బాగా చివికిన గెత్తం ఒకటి. గుప్పెడు వేపపిండి. సముద్రపు ఇసుక వాడలేదు. ఉప్పుగాలిని ఓర్చుకుంటుంది కదా అని ఉప్పుని వేళ్ళకి పెట్టడం వేరే సంగతి. కుండీ పన్నెండు అంగుళాలది, అడుగున మూడు చిల్లులు. నీళ్ళు రోజు లెక్కన కాదు, వేలు రెండు కణుపుల లోతు గుచ్చి పొడిగా తగిలితేనే.

2023 అక్టోబర్

గదిలో దెబ్బతిన్న కొమ్మల్లో కొంచెం పచ్చగా మిగిలిన చివర్లు కత్తిరించి ఆగస్టులో ఆరు కట్టింగులు పెట్టాను. ఐదు కుళ్ళాయి. ఒకటి వేరు పట్టింది. సంబరపడ్డాను గానీ, అది పైకి లేవడం లేదు, నేల మీద గుమ్మడి తీగలా పక్కకి పోతోంది. పక్క కొమ్మ నుంచి తీస్తే జన్మంతా పక్క కొమ్మలాగే పెరుగుతుంది. నిలువు చెట్టు కావాలంటే నడినెత్తి చిగురే కత్తిరించాలి. అది కత్తిరిస్తే తల్లి మొక్క అందం పోతుంది. కాబట్టి గింజ మొక్క కొనుక్కోవడమే మేలు. పాకే మొక్కని పారేయలేదు, మా బావ సరదాపడి పట్టుకెళ్ళాడు.

పిండినల్లి కొద్దిగా పట్టింది. లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల గిన్నెల సబ్బు, సాయంత్రం పూట, వారం తేడాతో రెండుసార్లు. పోయింది.

2023 డిసెంబర్

పెద్ద మొక్క 27 అంగుళాలు. కొత్త వరస ఒకటి. ఎదురింటి పిల్లలు క్రిస్మస్‌కి అడిగితే ఇచ్చాం. ఎల్‌ఈడీ సీరియల్ లైట్లు, కాగితం నక్షత్రాలు వరకే అని ముందే చెప్పాను. బరువైన గంటలు కడితే కొమ్మ వాలిపోతుంది, స్ప్రే మంచు కొడితే ఆకు ఊపిరాడదు. పది రోజులు లోపల ఉండి తిరిగి వరండాకి వచ్చింది. రాలిన ఆకు లేదు.

2024 మే

అసలైన ఫిర్ మీద ఆశ చావక ఆన్‌లైన్లో ఇరవై గింజలు తెప్పించి, తడి ఇసుకలో కలిపి నెల రోజులు ఫ్రిజ్‌లో ఉంచి నాటాను. ఫిబ్రవరిలో నాలుగు మొలిచాయి, ఏప్రిల్ మొదటి వారంలో నాలుగూ పోయాయి. వాటికి నెలల తరబడి చలికాలం కావాలి. హిమాలయాల్లో ఫిర్‌లు సుమారు రెండు వేల మీటర్లకి పైనే కనబడతాయి. విజయనగరంలో ఫ్రిజ్ తలుపు తీసుకుని కూర్చున్నా ఆ చలి రాదు. ఆ ముచ్చట అంతటితో సరి.

2024 జులై

రెండో మొక్కని కవిటి దగ్గర మా ఊళ్ళో, పెరట్లో నాటాం. స్థలం కోసం పెద్ద రభసే అయింది. చిన్నాన్న అసలు వద్దన్నాడు. "ఎదిగి ఇంటి మీద పడితే ఎవుడ్రా దిక్కు? తిత్లీ మర్చిపోనావేటి?" 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు ఎలా నేలమట్టమయ్యాయో చూసినవాడు. మావే పదిహేడు కొబ్బరి చెట్లు పోయాయి. ఆయన భయం తీసిపారేసేది కాదు. కుండీలో ముద్దుగా ఉండే ఈ మొక్క సొంత గడ్డ మీద యాభై మీటర్లు దాటుతుంది.

అప్పుడు చెప్పాను ఆ ఇంకో గుర్తు గురించి. కుక్ పైన్ చెట్లు భూమధ్యరేఖ వైపు వాలి పెరుగుతాయని 2017లో ఓ పరిశోధన వచ్చింది. ఐదు ఖండాల్లో చెట్లు కొలిస్తే వాలు సగటున ఎనిమిదిన్నర డిగ్రీలు. అంటే మన దగ్గర దక్షిణానికి. పట్నంలో ఓ పాత బంగళా ఆవరణలోని ఎత్తైన చెట్టు కింద నిలబడి ఫోన్‌లో దిక్సూచి పెట్టి చూశాను. నిజమే, దక్షిణానికే వాలింది. మా మొక్క కుక్ పైనో కాదో ఇంకా తేలలేదు గానీ, అయితే గియితే వాలు ఇంటి మీదకి రాకూడదు. కాబట్టి ఇంటికి దక్షిణాన, గోడకి అరవై అడుగుల దూరంలో, కరెంటు తీగలు లేని చోట గొయ్యి తీద్దామన్నాను. చిన్నాన్న వెంటనే ఒప్పుకున్నాడు. పరిశోధన విని కాదు, పెద్ద చెట్టు దక్షిణాన ఉంటే వాస్తుకి మంచిదని.

గొయ్యి రెండడుగుల వెడల్పు, రెండడుగుల లోతు. అక్కడిది ఇసుక నేల, నీరు నిలవదు, అందుకని గెత్తం రెండు తట్టలు ఎక్కువ వేశాం. వెదురు కర్రకి ఎనిమిది ఆకారంలో గోనె తాడు వదులుగా కట్టాం. మొదలు చుట్టూ కొబ్బరి డొక్కలు బోర్లించాం, తేమ కోసం. మేకల కోసం చుట్టూ ముళ్ళకంప.

2024 డిసెంబర్ 22

కుండీ మొక్క 38 అంగుళాలు, ఏడు వరసలు. కింద రాలిన వరస మళ్ళీ రాలేదు, రాదు కూడా. ఆ ఖాళీ కనబడకుండా కుండీలో ఓ గుప్పెడు మనీప్లాంట్ గుచ్చాను.

ఊళ్ళోది 29 అంగుళాలు. నాటినప్పుడు 20. నేలలో దిగాక దాని పరుగే వేరు. తూర్పు పక్క రెండు పుల్లలు మేక కొరికింది, నెత్తి చిగురు దక్కింది. కంప ఇంకో వరస వేయించి, కాండం లావెక్కుతోందని తాడు విప్పి మళ్ళీ వదులుగా కట్టాను. మామ్మ అరుగు మీద నుంచి అంతా చూసి, "ఆ సరుగుడికి అన్ని సేవలెందుకురా, అదే పెరుగుద్ది" అంది.