పాత రైఫిల్‌కు కర్ర వెతికేటప్పుడు

పాత మిలిటరీ రైఫిల్‌ను బాగుచేసేటప్పుడు ఇనుప భాగాలు అంతగా ఏడిపించవు. ఏడిపించేది కర్రే, అంటే రైఫిల్ చెక్క భాగం (స్టాక్). ఇనుప భాగం ఒకే కచ్చితమైన కొలతకు తయారవుతుంది, కర్రను మాత్రం ఫ్యాక్టరీలో ఏ రైఫిల్‌కు ఆ రైఫిల్‌గా చేత్తో సరిపెట్టేవారు. అందుకే అదే మోడల్‌దని కొన్న ఫోరెండ్ (బ్యారెల్ కింద ఉండే ముందు కర్ర) కూడా తెచ్చిన వెంటనే సరిగ్గా కూర్చోదు. కూర్చున్నట్టు కనిపిస్తే మరీ ప్రమాదం. ఇక్కడ ఎక్కువగా లీ-ఎన్‌ఫీల్డ్ నంబర్ 1 మార్క్ 3, అంటే ఎస్‌ఎంఎల్‌ఈ గురించే రాస్తున్నాను. కర్ర విషయంలో అంత పేచీ పెట్టే రైఫిల్ ఇంకోటి లేదు.

ముందు పాత కర్ర నిజంగా పనికిరాదో లేదో తేల్చుకోవాలి. రెండో ప్రపంచ యుద్ధం నుంచి అమెరికన్ సైనికులు ఇంటికి తెచ్చుకున్న జర్మన్ కే98కే రైఫిళ్లలో చాలావాటికి స్టాక్ రెండు ముక్కలై ఉంటుంది. డఫెల్ సంచిలో పట్టడానికి బ్యారెల్ బ్యాండ్ (బ్యారెల్‌నూ కర్రనూ కలిపి పట్టే ఇనుప పట్టీ) కింద రంపంతో కోసేశారు. బ్యాండ్ బిగించి ఉంటే కోత కనబడదు. దానికి కొత్త స్టాక్ అక్కర్లేదు. రంపం తినేసిన మందం, సుమారు 3 మిల్లీమీటర్లు, అదే జాతి కర్ర బిళ్లతో పూడ్చి, లోపల చిన్న కర్ర చీలలు వేసి ఎపాక్సీతో అతికితే బ్యాండ్ కింద మళ్లీ దాగిపోతుంది. బిళ్ల వెయ్యకుండా అతికితే స్టాక్ ఆమేరకు పొట్టిదై ముందున్న బ్యాండ్లు వాటి చోట కూర్చోవు. పాత కర్ర నూనె తాగి ఉంటుంది కాబట్టి అతికే ముఖాలను ముందు అసిటోన్‌తో రెండు మూడుసార్లు తుడవాలి, లేకపోతే ఎపాక్సీ పట్టదు.

వేట కోసమని ముందు సగం కోసిపారేసిన ఎస్‌ఎంఎల్‌ఈ ఫోరెండ్‌కు కూడా ఇదే ఉపాయం ఉంది. వేరే పాడైన ఫోరెండ్ నుంచి ముందు భాగం తెచ్చి, అతుకు అవుటర్ బ్యాండ్ (బయటి ఇనుప పట్టీ) కిందికి వచ్చేలా కలపొచ్చు. కోత అంతకంటే వెనక పడి ఉంటే ఇక మార్చడమే.

మార్చాలనుకుంటే అచ్చంగా ఏ కర్ర కావాలో తెలియాలి. ఎస్‌ఎంఎల్‌ఈ బట్ (భుజానికి ఆనే వెనక కర్ర) నాలుగు పొడవుల్లో వచ్చింది. నార్మల్ కంటే లాంగ్ అర అంగుళం ఎక్కువ, షార్ట్ అర అంగుళం తక్కువ, బాంటమ్ ఒక అంగుళం తక్కువ. బట్ పైన ఎల్, ఎస్, బి అక్షరాల ముద్ర చూడండి. కర్ర జాతి కూడా చూడాలి. బ్రిటన్‌లో చేసినవి ఎక్కువగా వాల్‌నట్, ఆస్ట్రేలియాలోని లిత్‌గో ఫ్యాక్టరీవి చాలావరకు కోచ్‌వుడ్, క్వీన్స్‌లాండ్ మేపుల్. వాల్‌నట్ బట్ పక్కన కోచ్‌వుడ్ ఫోరెండ్ పెడితే ఎంత రంగు పూసినా నార తేడా దాగదు. భారత్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీ ఫోరెండ్‌లో మేగజైన్ ముందు అడ్డంగా ఒక బలపు స్క్రూ కనిపిస్తుంది. పనికి అది మంచిదే, కానీ 1916 నాటి రైఫిల్‌కు తొడిగితే తెలిసినవాళ్లు ఇట్టే పట్టేస్తారు.

కే98కే లాంటి మౌజర్లలో ఇంకో తిరకాసు ఉంది. యుగోస్లావియా ఎం48 చూడ్డానికి కే98కే లాగే ఉన్నా, దాని యాక్షన్ (బోల్ట్ ఉండే ఇనుప భాగం) సుమారు 6 మిల్లీమీటర్లు పొట్టి. దాని స్టాక్ కే98కేకి పట్టదు, పట్టించబోతే చెడిపోతుంది. కే98కేలోనే చదును బట్‌ప్లేట్ (బట్ చివరి ఇనుప పలక), కప్పులాంటి బట్‌ప్లేట్ రెండూ ఉన్నాయి. స్టాక్ చివర కోత రెండింటికీ వేరు.

దొరికే దారులు మూడే: సైన్యపు గోదాముల నుంచి వచ్చిన వాడని పాత సరుకు, విడదీసిన రైఫిళ్ల భాగాలు, కొత్తగా చేసిన నకళ్లు. మొదటిది దొరికితే వదలొద్దు. నకళ్లపై "90 శాతం పూర్తి" అని రాసి ఉంటుంది. మిగిలిన పది శాతమే అసలు పని. రెండో రకం కొనేటప్పుడు నున్నగా మెరిసే పైభాగం ఫొటో చూసి మోసపోకండి. ఇనుము తీసేసిన ఫొటోలు అడగండి: ఫోరెండ్ వెనక కొస లోపలి వైపు, బ్యారెల్ కాలువ, బ్యాండ్ కూర్చునే చోటు, స్క్రూ బెజ్జాలు, వెనక హ్యాండ్‌గార్డ్ (బ్యారెల్ పైన ఉండే కర్ర) చెవులు. పల్చటి ఆ చెవులు చాలావాటికి విరిగే ఉంటాయి. కొన్ని చట్టాల్లో తుపాకీ విడిభాగమూ తుపాకీ కిందే లెక్క, దేశం దాటి తెప్పించే ముందు అది చూసుకోండి.

పాత కర్ర విప్పేటప్పుడే చాలామంది ఫోరెండ్‌ను పగలగొడతారు. రైఫిల్ ఖాళీగా ఉందని చూసి, బోల్ట్ తీసేశాక, ముందు ఫోరెండ్ విప్పాలి, తర్వాతే బట్. ఎస్‌ఎంఎల్‌ఈ స్టాక్ బోల్ట్ (బట్‌ను బిగించే పొడుగాటి బోల్ట్) ముందు కొస చతురస్రంగా ఉండి ఫోరెండ్ వెనకున్న చిన్న ఇనుప పలకలో దూరి ఉంటుంది. ఫోరెండ్ ఉండగా స్టాక్ బోల్ట్ తిప్పితే ఆ పలక కర్రను చీల్చేస్తుంది. బట్‌ప్లేట్ విప్పాక బెజ్జంలో తోలు బిళ్ల ఉంటే అదీ లాగెయ్యాలి, లేకపోతే స్క్రూడ్రైవర్ గాడిలో దిగదు. పొడుగాటి, వెడల్పు మొన స్క్రూడ్రైవర్ కావాలి.

ఇక అమర్చడం. పేలినప్పుడు వచ్చే వెనక తన్ను ఫోరెండ్ వెనక కొసలో లోపలున్న రెండు ముఖాల మీద పడుతుంది. వాటిని డ్రాస్ అంటారు. రెండూ ఒకేసారి, సమంగా ఇనుముకు ఆనాలి. ఒకటే ఆనితే కొన్ని తూటాలకే అక్కడ నెర్రె పడుతుంది. అసలు ఆనకపోతే ఫోరెండ్ కదిలి వెనక కొస దగ్గర చీలుతుంది. బయటికి చక్కగా కూర్చున్నట్టు కనిపించే కర్రతో ప్రమాదం అన్నది అందుకే. ఫోరెండ్ వెనక అంచుకూ సాకెట్‌కూ (బట్ మూతి దూరే ఇనుప గూడు) మధ్య పల్చటి అట్టముక్క దూరేంత సందు ఉండాలి.

దీపపు మసిని నూనెలో కలిపి ఇనుముకు పల్చగా రాసి, కర్రలో నొక్కి తీయండి. నల్లగా అంటిన చోటే ఉలితో గీకాలి, ఒక్కోసారి వెంట్రుకవాసి. ఇరవైసార్లు తీసి పెట్టాల్సి రావడం మామూలే. అరిగిన డ్రాస్‌కు గట్టి కర్ర బిళ్లలు అతికి మళ్లీ సరిచేయాలి. మెత్తటి కోచ్‌వుడ్ కావడంతో లిత్‌గోవాళ్లు అక్కడ రాగి పలకలే వేశారు. ముందు ట్రిగ్గర్ గార్డ్ స్క్రూ చుట్టూ ఉండే కాలర్‌ను మరచిపోవద్దు. అది పొడవుగా ఉంటే స్క్రూ ఎంత బిగించినా కర్ర వదులుగానే ఉంటుంది. బట్ మూతి సాకెట్‌లోకి బిగుతుగా, కర్ర సుత్తితో తట్టి దించేలా ఉండాలి. చేత్తో దిగిపోయే బట్ కొన్నాళ్లకు ఊగుతుంది.

పైభాగాన్ని గరుకు కాగితంతో రుద్దకండి. ముద్రలు పోతాయి, కర్ర ఇనుము కంటే కిందికి దిగిపోతుంది. నొక్కులకు తడిబట్ట పరిచి ఇస్త్రీపెట్టె ఆనిస్తే ఆవిరికి పైకి లేస్తాయి, నార తెగిన చోట మాత్రం లేవవు. తర్వాత పచ్చి అవిసె నూనె. మొదటి పూత టర్పెంటైన్‌తో పలచన చేసి, తర్వాతివి అరచేత్తో రుద్దుతూ, మిగిలింది తుడిచేస్తూ పూయాలి. మందంగా పూస్తే జిడ్డు ఆరదు. తుడిచిన గుడ్డలను ఉండచుట్టి పడేస్తే వాటంతట అవే అంటుకుంటాయి, పరిచి ఆరబెట్టాలి. ఎస్‌ఎంఎల్‌ఈ పాత ఫోరెండ్ ముందు కొస అడుగున రైఫిల్ నంబరు ముద్ర ఉంటుంది. ఎంత పాడైనా ఆ ముక్క పారెయ్యకండి, కొత్తదాని మీద ఆ నంబరు కొట్టకండి.

నెల తర్వాత స్క్రూలు చూడండి, కర్ర అణిగి కాస్త వదులవుతాయి. పావు చుట్టు దాకా బిగిస్తే తప్పులేదు. అంతకంటే ఎక్కువ తిరిగితే ఫోరెండ్ విప్పి డ్రాస్‌ను మళ్లీ మసితో చూడాల్సిందే.