ఆ బటన్‌కి ఒక పేరు పెట్టండి చాలు

నిన్న రాత్రి ఒక సైట్‌లో టికెట్ బుక్ చేద్దామని కూర్చున్నా. నాకు చూపు లేదు, తెర మీదున్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ పెట్టుకుని కీబోర్డ్‌తోనే అన్నీ చేసుకుంటా. పేరు, వయసు, ఫోన్ నంబర్ దాకా బాగానే నడిచింది, తేదీ దగ్గరికొచ్చేసరికి ఇరుక్కుపోయా. అక్కడ టైప్ చేయనివ్వదు, క్యాలెండర్‌లోంచే ఎంచుకోవాలి. ట్యాబ్ కొడితే "బటన్", ఇంకోసారి కొడితే "బటన్", మళ్ళీ "బటన్". ఏ బటన్? వెనక నెలకా, ముందు నెలకా, మూసేయడానికా? ఒక్కోటీ ఎంటర్ కొట్టి చూస్తుంటే మూడోది ఫారం మొత్తం చెరిపేసింది. మళ్ళీ మొదట్నించీ నింపేలోపు టైం అయిపోయిందని లాగౌట్ చేసేసింది.

చివరికి తమ్ముణ్ణి నిద్ర లేపి చేయించుకున్నా. పాపం వాడేం విసుక్కోలేదు, కానీ నా కార్డ్ నంబర్, ఓటీపీ ఇంకొకళ్ళ చేతిలో పెట్టడం నాకిష్టం లేదు, తమ్ముడైనా సరే.

బాధేంటంటే దీనికి పెద్ద పనేం లేదు. ఆ బాణం గుర్తుకి "తర్వాతి నెల" అని కోడ్‌లో ఒక aria-label, అంటే స్క్రీన్ రీడర్ చదివే పేరు, రాస్తే అయిపోయేది. ఫొటోలో ఏముందో మాటల్లో చెప్పే ఆల్ట్ టెక్స్ట్ కూడా అంతే, అది లేకపోతే చాలాచోట్ల "ఐఎంజీ 4072 డాట్ జేపీజీ" అంటూ ఫైల్ పేరు చదువుతుంది, దాంతో నాకేం తెలుస్తుంది? గడువు పెట్టినప్పుడు దాన్ని ఆపుకునే, పెంచుకునే వీలు ఇవ్వాలని, వైకల్యం ఉన్నవాళ్ళూ వాడగలిగేలా సైట్లు ఎలా చేయాలో చెప్పే డబ్ల్యూసీఏజీ ప్రమాణాల 2.0 వెర్షన్‌లో 2008 నుంచే ఉంది. చేతులు వణికేవాళ్ళు వేలితో నొక్కలేని బుల్లి బటన్ల గురించి 2023లో వచ్చిన 2.2 వెర్షన్‌లో చెప్పారు, కనీసం 24 పిక్సెళ్ళ వెడల్పు, అంతే ఎత్తు ఉండాలని. లేత బూడిద రంగు అక్షరాలైతే చూపు తక్కువున్న వాళ్ళని ఎంత ఏడిపిస్తాయో!

సైట్లు ఇలా అందరూ వాడేలా ఉన్నాయా అని చూసే వెబ్‌ఎయిమ్ అనే సంస్థ వాళ్ళు ఏటా పది లక్షల హోమ్‌పేజీలు టెస్ట్ చేస్తారు, 2024లో 95.9 శాతం పేజీల్లో తప్పులు దొరికాయి. ఎక్కువగా కనబడినవి కూడా ఇవే, వెలిసిపోయిన అక్షరాలు, ఆల్ట్ లేని ఫొటోలు, లేబుల్ లేని బాక్సులు, పేరు లేని బటన్లు.

సైట్లు చేసేవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక్క పని చేయండి. మౌస్ పక్కన పెట్టేసి, మీ సైట్‌లో డబ్బు కట్టేదాకా ట్యాబ్, ఎంటర్, బాణం కీలతోనే వెళ్ళి చూడండి. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఫ్రీగానే దొరుకుతుంది, దాన్ని ఆన్ చేసి స్క్రీన్ ఆఫ్ చేసి ఇంకోసారి వెళ్ళండి.

నిన్నటి సైట్ వాళ్ళకి ఇవాళ పొద్దున మెయిల్ రాశా, ఏ పేజీలో ఎన్నో ట్యాబ్ దగ్గర ఏం వినిపించిందో అన్నీ వరసగా పెట్టి. జవాబొస్తే ఇక్కడే చెప్తా.