కోఠి ఉమెన్స్ కాలేజీలో ఒక పూట

కోఠి ఉమెన్స్ కాలేజీ గురించి ఫోన్‌లో వెతికి చూడండి. వచ్చే వీడియోలన్నీ ఒకటే కథ చెబుతాయి. నిజాం దగ్గర ఈస్టిండియా కంపెనీ ప్రతినిధిగా (రెసిడెంటుగా) ఉన్న దొర కిర్క్‌పాట్రిక్, హైదరాబాద్ నవాబుల ఇంటి అమ్మాయి ఖైరున్నిసా, వాళ్ళ ప్రేమ, ఆయన కట్టించిన రెసిడెన్సీ మహల్. కథ మంచిదే. కానీ ఆ మహల్‌లో డెబ్భై ఏళ్ళకు పైగా ఆడపిల్లలు చదువుకుంటున్నారన్న సంగతి చివర్లో ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. మా అక్క కూతురికి దోస్త్‌లో, అంటే తెలంగాణ డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్లలో, ఆప్షన్లు పెట్టే ముందు కాలేజీ చూసొద్దామని సూర్యాపేట నుంచి బయల్దేరినప్పుడు నా దగ్గరున్న సమాచారం కూడా అంతే.

దిల్‌సుఖ్‌నగర్‌లో దిగితే ఆటో అతను కోఠికి 250 అడిగాడు. ఎండ చూసి అడిగిన రేటు అది. మెట్రో ఎక్కవచ్చు, ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగితే దగ్గరే. కానీ ఆడవాళ్ళకు బస్సు ఉచితం, ఆధార్ కార్డు చేతిలో ఉండగా డబ్బులెందుకని సిటీ బస్సెక్కాం. మలక్‌పేట దాకా నిలబడే ఉన్నాం. చాదర్‌ఘాట్ దగ్గర ట్రాఫిక్‌లో బస్సు ఆగిపోయింది, ఎంతకీ కదల్లేదు. అప్పుడు పక్క సీట్లో ఉన్న పెద్దావిడ కొంచెం జరిగి, మా పిల్లను కూర్చోమంది.

"ఏ కాలేజీల చేరుతున్నవ్ బిడ్డా?"

"ఉమెన్స్ కాలేజీ చూద్దామని వచ్చినమమ్మా."

ఆవిడ ముఖం వెలిగిపోయింది. తను 1970లలో అక్కడే బీఏ చదివిందట. వాళ్ళ నాన్న భువనగిరి దగ్గర పల్లె నుంచి ఇనప పెట్టె మోసుకొని వచ్చి, గేటు దగ్గర నిలబడి, ఇంత పెద్ద బంగళాలో మనల్ని రానిస్తరా అని భయపడ్డాడట. "మెట్ల పక్కన సింహాలుంటయి గద, వాటిని చూసి నాకంటె మా నాయినే ఎక్కువ బుగులు పడ్డడు. మా ఊర్ల పది దాటి చదివిన ఆడపిల్ల లేదు. పెండ్లి చెయ్యకుండ పట్నం పంపిస్తున్నవా అని అందరు తిట్టిన్రు. అయినా దింపి పోయిండు."

రెసిడెన్సీ కథ ఆమెకు తెలుసా అని అడిగాను. "మాకు గవన్ని ఎవ్వరు చెప్పలె. మెయిన్ బిల్డింగు అనేటోళ్ళం. మెట్ల మీద కూసొని పల్లీలు తినేటోళ్ళం, నోట్సులు రాసుకునేటోళ్ళం" అంది. తర్వాత హైస్కూల్ టీచరయింది. పనిచేసిన ప్రతి ఊళ్ళో టెన్త్ పాసైన ఆడపిల్లల ఇళ్ళకు వెళ్ళి, తల్లిదండ్రులకు నచ్చజెప్పి, ఇంటర్‌కి, డిగ్రీకి పంపించేదట. కొందరిని ఇదే కాలేజీకి తనే తీసుకొచ్చి చేర్పించింది. అదంతా ఆమె మామూలుగా చెప్పుకుపోయింది. నేను మాత్రం మాట రాక వింటూ ఉండిపోయాను. నేను ఇంటర్ అయిపోయాక ఈ కాలేజీకే రావాలనుకున్నాను. హైదరాబాద్‌లో హాస్టలా అని మా ఇంట్లో ఒక్కమాటతో తేల్చేశారు. మా ఊరి బడికి ఇలాంటి టీచరమ్మ రాలేదు.

కండక్టర్ "ఉమెన్స్ కాలేజ్" అని అరిచాడు. 2022లో ఇది మహిళా విశ్వవిద్యాలయమైంది. 2024 సెప్టెంబరులో చాకలి ఐలమ్మ పేరు పెడుతున్నట్టు ప్రభుత్వం ప్రకటించింది. అయినా బస్సులో ఎవరి నోటా పాత పేరే. పెద్దావిడ సుల్తాన్ బజార్‌లో గాజులు కొనాలంటూ జనంలో కలిసిపోయింది.

లోపలికి వెళ్ళాక బయటి హారన్ల మోత కాస్త తగ్గింది. పెద్ద చెట్లు, వాటి వెనక ఆ భవనం. ఆరు భారీ స్తంభాలు, వెడల్పాటి మెట్లు, రెండు పక్కలా సింహాలు. అడిగితే దర్బారు హాలు చూడనిచ్చారు. షాండ్లియర్లు, అద్దాలు, పైకప్పు మీద రంగుల పని, రెండు వైపులా వంపు తిరిగి పైకెళ్ళే మెట్లు. 2002లో ప్రపంచంలో ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలోకి ఎక్కిన భవనం ఇది. ఏళ్ళ తరబడి మరమ్మతులు చేసి 2023 జనవరిలో తెరిచారు. పని శ్రద్ధగా చేశారని చూస్తేనే తెలుస్తుంది.

శామ్యూల్ రస్సెల్ అనే ఇంజనీరు గీసిన నమూనా ప్రకారం 1803 ప్రాంతంలో పని మొదలైంది, ఖర్చు నిజాముది. స్థలం అడిగితే నిజాం ముందు ఒప్పుకోలేదని ఒక కథ చెబుతారు. పెద్ద కాగితం మీద గీసిన ప్లాన్ చూసి ఇది నా రాజ్యమంత ఉందే అన్నాడట, అదే చిన్న కార్డు మీద గీసి చూపిస్తే సరేనన్నాడట. కిర్క్‌పాట్రిక్ 1805లో కలకత్తాలో చనిపోయాడు. భవనం పూర్తయ్యాక దాన్ని చూసే రాత అతనికి లేకపోయింది. ఖైరున్నిసా పరదా పాటించేది కాబట్టి ఆమె కోసం ఆడవాళ్ళుండే జనానా తోటలో ఈ భవనానికి చిన్న నమూనా కట్టించారని అంటారు. ఆమె ఉన్న రంగమహల్‌ను 1860లో కూల్చేశారు.

మెట్ల దగ్గర ఇద్దరు కుర్రాళ్ళు ఫోన్ స్టాండు పెట్టుకొని ఇదే కథ రికార్డు చేస్తున్నారు. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ ఇంగ్లీషువాళ్ళ మీద తిరగబడి, రొహిల్లా పఠాన్లతో ఈ రెసిడెన్సీ మీద దాడి చేసిన సంగతి కూడా వాళ్ళ మాటల్లో రాలేదు. తుర్రేబాజ్ ఖాన్‌ను తర్వాత కాల్చి చంపారు, మౌల్వీని అండమాన్ పంపారు. ఆయన మళ్ళీ తిరిగి రాలేదు. కోఠిలో రోజూ బస్సు మారే మనకు ఆ పేర్లు తెలియకపోవడం నాకు కష్టంగా అనిపించింది.

కాలేజీ పుట్టింది ఇక్కడ కాదు. ఉస్మానియా యూనివర్సిటీ మహిళా కళాశాలగా 1924లో మొదలైంది. యూనివర్సిటీ వచ్చి అప్పటికి ఆరేళ్ళే. ఉస్మానియాలో చదువంతా ఉర్దూలో. దేశభాషలో పాఠాలు చెప్పిన మొదటి యూనివర్సిటీ అని గర్వంగా చెప్పుకుంటాం, నిజమే. కానీ నల్లగొండ నుంచో వరంగల్ నుంచో వచ్చిన తెలుగు పిల్లకు అది ఇంటి భాష కాదు. లెక్కలు, సైన్సు, చరిత్ర అన్నీ ఉర్దూలోనే నేర్చుకోవాలి. పరదా పట్టింపులున్న రోజుల్లో ఇల్లు దాటడం ఒక గండం, ఆ భాష ఇంకో గండం. రెండూ దాటి చదివిన వాళ్ళున్నారు. వాళ్ళ మీద ఎవరూ వీడియోలు తీయరు.

ఇంగ్లీషువాళ్ళు వెళ్ళిపోయి, 1948లో పోలీస్ చర్య జరిగాక, 1949లో కాలేజీ ఈ ఆవరణలోకి వచ్చింది. నిజాం రాజ్యాన్ని గుప్పిట్లో పెట్టుకున్న కంపెనీ ప్రతినిధి కూర్చున్న చోట ఆడపిల్లలు హాజరు పలికారు. పాకాల యశోదారెడ్డి, నాయని కృష్ణకుమారి లాంటి వాళ్ళు ఇక్కడ తెలుగు పాఠం చెప్పారు. ఇప్పుడు విస్నూరు దొర దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచి తన పొలంలో పంటను దక్కించుకున్న పాలకుర్తి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. మా సూర్యాపేట వైపు ఆ తెలంగాణ రైతాంగ పోరాటం కథలు ఇంటింటా వింటూ పెరిగాం కాబట్టి నాకు గుండె నిండినట్టయింది. ఈ భవనానికి అంతకన్నా తగిన పేరు నాకు తోచడం లేదు.

తిరుగు ప్రయాణంలో పిల్ల బీఏలో చరిత్ర తీసుకుంటానంది. మా అక్క ఫోన్‌లో బీకామ్ కంప్యూటర్స్ అంటూ పోట్లాడింది. హాస్టల్ సంగతి, ఖర్చుల సంగతి ఇంకా తేలలేదు. నేను మాత్రం పిల్ల వైపే. మొదటి ఆప్షన్ కోఠి అని పెట్టించే దాకా ఊరుకోను.

చదివేవాళ్ళకు ఒక మనవి. మీ అమ్మో అమ్మమ్మో నాయనమ్మో ఈ కాలేజీలో చదివి ఉంటే, ఎవరు పంపారు, ఎవరు వద్దన్నారు, ఏ భాషలో చదివారు, హాస్టల్‌లో ఏం తిన్నారు, అన్నీ అడిగి రాసిపెట్టండి. ఉర్దూ మీడియం రోజుల వాళ్ళు ఇప్పుడు బాగా పెద్దవాళ్ళు, ఇంకా ఆలస్యం చేస్తే అడగడానికి మనుషులుండరు. పాత గ్రూప్ ఫొటోలుంటే వెనకవైపు పేర్లు రాయండి. దర్బారు హాలు గురించి రాయడానికి చాలామంది ఉన్నారు.