ఫార్మాట్ కొట్టించుడు కాదు, బూటబుల్ పెన్‌డ్రైవ్ మీరే చేస్కోండ్రి

మన వరంగల్ దిక్కు ల్యాప్‌టాప్ జర స్లో అయిందంటే చాలు అందరు చెప్పేది ఒక్కటే మాట, తీస్కపోయి ఫార్మాట్ కొట్టియ్యి అని. బ్యాగుల వేస్కొని షాపుకు పోతం, అక్కడ డ్రాయర్లకెళ్లి ఒక బూటబుల్ పెన్‌డ్రైవ్, అంటే మెషీన్ ఆన్ అయ్యేటప్పుడే దాంట్లకెళ్లి విండోస్ ఎక్కించేటట్టు తయారుచేసింది, తీసి పెడతరు, సాయంత్రం వరకు కొత్త విండోస్ తోటి చేతికిస్తరు, ఖుషీగ ఇంటికొస్తం. పని చేసినాయనకు పైసలిచ్చుడు తప్పని నేను అనను, కష్టం కష్టమే. నా బాధంత ఆ పెన్‌డ్రైవ్ గురించి. దాంట్ల ఉన్న విండోస్ ఎక్కడికెళ్లి తెచ్చిన్రు, దాంట్ల ఎవరు ఏం కలిపిన్రు, అది ఎన్ని మెషీన్లల్ల తిరిగొచ్చింది, ఇవేవీ మనం అడగం. మళ్ల అదే ల్యాప్‌టాప్‌ల నెట్ బ్యాంకింగ్ ఓపెన్ చేస్తం, ఆధార్ పీడీఎఫ్‌లు పెట్టుకుంటం, పిల్లల మెమోలు, సర్టిఫికెట్లు దాచిపెడతం.

మా అక్క కొడుకు కేయూ ఎక్స్ రోడ్ దగ్గర రూమ్ తీస్కొని చదువుకుంటుండు, వాడు గుడ ఇట్లనే ఒక దగ్గర ఫార్మాట్ కొట్టిచ్చుకొని వచ్చి "మామ, ప్రో వేసిచ్చిన్రు, యాక్టివేషన్ గుడ అయింది" అని సంబరంగ చూపెట్టిండు. ప్రో, హోమ్ అనేటివి విండోస్‌ల రకాలు, వాటినే ఎడిషన్ అంటరు. విండోస్ సెక్యూరిటీ ఓపెన్ చేసి చూస్తే రియల్ టైమ్ ప్రొటెక్షన్ ఆఫ్ ఉంది, ఎక్స్‌క్లూజన్స్ అన్న దగ్గర సీ డ్రైవ్ మొత్తం పెట్టి ఉంది, అంటే ఆ డ్రైవ్‌ల ఏ ఫైల్ వచ్చి కూసున్నా యాంటీవైరస్ దాని దిక్కు చూడదు. పైసలు కట్టకుండ దొంగతనంగ యాక్టివేట్ చేసే క్రాక్ టూల్ నడవాలంటే యాంటీవైరస్ అడ్డమొస్తది గదా, అందుకే దాన్ని పండబెట్టిన్రు. అన్నిటికంటె నాకు మండిందేందంటె, వాని ల్యాప్‌టాప్ కొన్నప్పుడే ఒరిజినల్ విండోస్ హోమ్ తోటి వచ్చింది, మా బావ దాని పైసలు గుడ కట్టిండు. విండోస్ 8 వచ్చిన కాడికెళ్లి కంపెనీ ల్యాప్‌టాప్‌లల్ల విండోస్ కీ మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్‌లనే, అంటే బోర్డు మీది చిప్‌ల ఉండే సాఫ్ట్‌వేర్‌లనే, రాసి పంపుతరు, హార్డ్ డిస్క్ మొత్తం తుడిచినా అది పోదు. అదే ఎడిషన్ మళ్ల ఎక్కిస్తే కీ కొట్టాల్సిన పనే లేదు, నెట్ తగలంగనే దానంతట అదే యాక్టివేట్ అయితది. అంటే చేతిల అసలుది ఉండంగ దాన్ని తీసేసి క్రాక్‌ది వేయించుకున్నట్టు. ఇది చానమందికి తెల్వది, అందుకే ఇంత గట్టిగ చెప్తున్న.

దీనికి తోడు విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14 తోటి అయిపోయింది. అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లకు రిజిస్టర్ అయినోళ్లకు ఇంకో ఏడాది వస్తయి, గంతే. విండోస్ 11 ఏమో టీపీఎమ్ 2.0 అనే సెక్యూరిటీ చిప్ కావాలంటది, ఇంటెల్ అయితే ఎనిమిదో జనరేషన్ కెళ్లే తీస్కుంటది, దాంతోటి మంచిగ నడిచే పాత ల్యాప్‌టాప్‌లు మస్తు బయట ఉండిపోయినయి. డిగ్రీ పిల్లలు సెకండ్ హ్యాండ్‌ల కొనుక్కునేవి ఎక్కువ ఇవే. వాటిని పక్కన పడేసుడు నాకైతే మనసొప్పదు. 4 జీబీ ర్యామ్ ఉన్నా గుడ విండోస్‌కు బదులు లైనక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే ఫ్రీ ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కిస్తే బ్రౌజర్, వర్డ్ లెక్క రాసుకునేటందుకు లిబ్రే ఆఫీస్, ప్రోగ్రామింగ్ ప్రాక్టీస్, అన్నీ నడుస్తయి. పాత హార్డ్ డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ వేస్తే ఇంకా నయం.

సరే, పనిలకు వద్దం. ఫస్ట్ ఐఎస్ఓ ఫైల్ కావాలె, అంటే ఇన్‌స్టాల్ సామానంత ఒక్కదాంట్ల ఉండే ఫైల్. విండోస్ అయితే మైక్రోసాఫ్ట్ సైట్‌లనే ఫ్రీగ దొరుకుతది, మింట్ అయితే మింట్ సైట్‌ల, ఉబుంటు అనే ఇంకో లైనక్స్ అయితే ఉబుంటు సైట్‌ల. టెలిగ్రామ్ గ్రూపులల్ల తిరిగే "ప్రీ యాక్టివేటెడ్", "లైట్ ఎడిషన్" ఐఎస్ఓల జోలికి అస్సలు పోకుండ్రి, షాపుల పెన్‌డ్రైవ్ గురించి నేను చెప్పిన బాధ మొత్తం వాటికి గుడ వర్తిస్తది. విండోస్ 11 ఫైల్ 5 జీబీ దాటుతది, మింట్ 3 జీబీ అటిటు. ఊర్లల్ల ఉండేటోళ్లకు తిప్పలంత ఇక్కడనే, రోజుకు జీబీన్నర, రెండు జీబీల ప్యాక్ మీద హాట్‌స్పాట్ పెట్టి తీస్తే సగంల ఆగిపోతది, మళ్ల మొదటికొస్తది. లైనక్స్‌లకు టొరెంట్ ఫైల్ గుడ ఇస్తరు, దాంతోటి ఆగిన కాడికెళ్లే మళ్ల షురూ అయితది, రోజింత తీస్కోవచ్చు. ములుగు దిక్కు మా అత్తగారి ఊర్ల సిగ్నల్ సక్కగ రాదు, అక్కడోళ్లకు ఏదన్న కావాలంటే హన్మకొండల వైఫై మీద తీసి పెన్‌డ్రైవ్‌ల పట్కపోవుడే నేను చేసే పని.

డౌన్‌లోడ్ అయినంక ఆగమాగం కాకుండ్రి, ఫైల్ సక్కగ వచ్చిందా లేదా చూడాలె. సైట్‌ల షా 256 అని అంకెలు అక్షరాలు కలిసిన ఒక పొడువాటి వరుస ఇస్తరు. బూటబుల్ పెన్‌డ్రైవ్ తయారుచేసే రూఫస్ అనే చిన్న సాఫ్ట్‌వేర్‌ల ఐఎస్ఓ ఎంచుకునే బటన్ పక్కన గుండ్రంగ టిక్ మార్క్ ఒకటి ఉంటది, అది నొక్కితే మన దగ్గరున్న ఫైల్‌కు ఆ వరుస లెక్కగట్టి చూపెడతది. రెండు ఒక్కతీరుగ ఉంటే ఫైల్ ఓకే, ఒక్క అక్షరం తేడా ఉన్నా మళ్ల డౌన్‌లోడ్ చెయ్యాలె. ఇన్‌స్టాల్ సగంల ఎర్రర్ కొట్టి ఆగిపోయే కేసులల్ల కొన్నిటికి ఐఎస్ఓ సక్కగ దిగకపోవుడే కారణం ఉంటది, జనమేమో హార్డ్ డిస్క్ పోయిందని అనుకుంటరు.

పెన్‌డ్రైవ్ కనీసం 8 జీబీది ఉండాలె, 16 ఉంటే నిమ్మళం. రోడ్డు పక్కన సస్తాగ దొరికే 1 టీబీ పెన్‌డ్రైవ్‌లు మాత్రం కొనకుండ్రి, పైన రాసిన సైజు ఒకటి, లోపలుండేది ఒకటి, ఫైల్ కాపీ అయినట్టే చూపెడతది గని లోపల ఉండది. అనుమానముంటే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అని ఫ్రీ టూల్ ఉంది, నిండ రాసి, మళ్ల చదివి చూసి అసలు సైజు చెప్తది.

ఇగ రూఫస్ గురించి. పీట్ బటార్డ్ అనే డెవలపర్ 2011ల షురూ చేసిండు, ఫ్రీ, ఇన్‌స్టాల్ గుడ చేయనక్కర్లేదు, డబుల్ క్లిక్ కొడితే ఓపెన్ అయితది. పైన డివైస్ అన్న దగ్గర మీ పెన్‌డ్రైవ్ పేరు కనిపిస్తది. మామూలుగ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులను లిస్టుల చూపెట్టది, వేరేదాన్ని తెల్వక తుడిచేయొద్దని అట్ల పెట్టిండు, నాకు ఆ జాగ్రత్త మస్తు నచ్చుతది. అయినా రెండు పెన్‌డ్రైవ్‌లు పెట్టి ఉంటే ఒకటి తీసెయ్యుండ్రి. తర్వాత ఐఎస్ఓ సెలెక్ట్ చేస్తే కిందివి చాలవరకు అదే నింపుకుంటది. మీరు చూడాల్సింది పార్టిషన్ స్కీమ్, అంటే డిస్క్‌ను భాగాలు చేసే పద్ధతి, ఒక్కటే, కొత్త మెషీన్ యూఈఎఫ్ఐది అయితే జీపీటీ, బాగ పాతది లెగసీ బయాస్‌ది అయితే ఎంబీఆర్. బయాస్, యూఈఎఫ్ఐ అంటే మెషీన్ ఆన్ చేయంగనే అన్నిటికంటె ముందు నడిచే సాఫ్ట్‌వేర్, పాతది బయాస్, కొత్తది యూఈఎఫ్ఐ. మీది ఏదో తెల్వకపోతే విండోస్ సెర్చ్‌ల సిస్టమ్ ఇన్ఫర్మేషన్ అని కొట్టుండ్రి, బయాస్ మోడ్ అన్న వరుసల యూఈఎఫ్ఐ అనో లెగసీ అనో రాసి ఉంటది. స్టార్ట్ నొక్కంగనే పెన్‌డ్రైవ్‌ల ఉన్నదంత పోతదని హెచ్చరిక వస్తది. అది నిజంగనే పోతది, పెళ్లి ఫొటోలున్న పెన్‌డ్రైవ్ తోటి ఈ పని పెట్టుకోవద్దు.

ఉత్తగ ఐఎస్ఓ ఫైల్‌ను పెన్‌డ్రైవ్‌లకు కాపీ పేస్ట్ చేస్తే ఎందుకు కాదు అని అడుగుతరు. ఐఎస్ఓ అంటే మూట కట్టిన సామాను, లోపలున్న బూట్ ఫైళ్లు బయటికి పరిచి ఉంటేనే మెషీన్‌కు కనబడతయి. మరి ఐఎస్ఓ విప్పి లోపలివన్నీ కాపీ చేస్తే? యూఈఎఫ్ఐ ఖాయంగ చదవగలిగేది ఫ్యాట్32 ఫార్మాట్, ఆ ఫ్యాట్32ల ఒక్క ఫైల్ 4 జీబీ దాటితే పట్టది, విండోస్ 11ల ఇన్‌స్టాల్ డాట్ విమ్ అన్న ఒక్క ఫైలే అంతకంటే పెద్దగుంటది. అందుకే రూఫస్ పెన్‌డ్రైవ్‌ను పెద్ద ఫైళ్లు పట్టే ఎన్‌టీఎఫ్ఎస్ ఫార్మాట్‌ల చేసి, చివర్ల ఒక బుల్లి పార్టిషన్ పెట్టి, దాని ద్వారా పెద్దదాన్ని చదివిపిస్తది. ఎవరో ఒకాయన కూసొని ఇంత ఆలోచించి ఫ్రీగ ఇచ్చిండంటే నాకు గౌరవమనిపిస్తది.

విండోస్, మింట్, ఇంకోటి అన్నీ ఒక్క పెన్‌డ్రైవ్‌లనే కావాలంటే వెంటాయ్ అనే ఇంకో ఫ్రీ టూల్ ఉంది. ఒక్కసారి పెన్‌డ్రైవ్‌కు ఎక్కిస్తే చాలు, అటెన్క ఐఎస్ఓలు ఉత్తగ కాపీ చేసుడే, బూట్ చేసినప్పుడు ఏది కావాలని లిస్ట్ అడుగుతది. సెక్యూర్ బూట్, అంటే నమ్మకం లేని సాఫ్ట్‌వేర్‌ను బూట్ కానియ్యని సెట్టింగ్, ఆన్ ఉంటే ఫస్ట్ సారి కీ ఎన్‌రోల్ చేయమంటది, ఆ ఒక్క మెట్టు దాటాలె. లైనక్స్ మెషీన్‌ల రూఫస్ నడవది, అక్కడ వెంటాయ్ అన్న, లైనక్స్ ఐఎస్ఓ అయితే ఎచర్ అనే టూల్ అన్న వాడుకోవచ్చు.

ఇక్కడ జర పైలం. ఇన్‌స్టాల్‌కు ముందు ఫైళ్లు వేరే దాంట్ల పెట్టుకునుడు ఎట్లాగు చెయ్యాలె, దాంతోపాటు డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్ ఉందా చూడుండ్రి. మైక్రోసాఫ్ట్ అకౌంట్ తోటి లాగిన్ అయిన కొత్త ల్యాప్‌టాప్‌లల్ల డిస్క్ ఎన్‌క్రిప్షన్ మనం అడగకుండనే ఆన్ అయి ఉంటది. బయాస్‌ల సెట్టింగ్ మార్చంగనే 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు, అది మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌ల సేవ్ అయి ఉంటది గని ఆ అకౌంట్ పాస్‌వర్డ్ యాదికి ఉండదు, కొన్నప్పుడు ఎవరి మెయిల్ తోటి లాగిన్ చేసిన్రో గుడ యాదికి ఉండదు. కీ కాగితం మీద రాసుకున్నాకనే మిగతా పని.

బూట్ చేసుడు అంటే మెషీన్ ఆన్ చేయంగనే మీట నొక్కుడు. డెల్, లెనోవోకు ఎఫ్12, హెచ్‌పీకి ఎస్కేప్ నొక్కి ఎఫ్9, ఆసుస్‌కు ఎస్కేప్, ఏసర్‌కు గుడ ఎఫ్12యే గని దాంట్ల ముందు బయాస్‌ల బూట్ మెనూ ఎనేబుల్ చెయ్యాల్సి రావచ్చు. మీట అందకపోతే విండోస్‌లనే షిఫ్ట్ పట్టుకొని రీస్టార్ట్ కొట్టి, యూజ్ ఎ డివైస్ అన్నది ఎంచుకోవచ్చు.

మా మేనల్లుని ల్యాప్‌టాప్‌ల క్రాక్‌ది తీసి మళ్ల హోమ్ ఎక్కిచ్చుడు అన్నీ వాని చేత్తోటే చేయించిన, పక్కన కూసున్న గంతే. మెనూల పెన్‌డ్రైవ్ కనబడ్డది, సెటప్ వచ్చింది, ఇగ అయిపోయిందనుకునే లోపు "మామ, డిస్కే చూపెడ్తలేదు" అన్నడు, మొఖం తెల్లగ అయింది వానిది. అది ఇంటెల్ పదకొండో జనరేషన్ మెషీన్, వాటిల్ల వీఎండీ అని ఒక సెట్టింగ్ ఆన్ ఉంటే విండోస్ సెటప్‌కు ఎస్ఎస్‌డీ కనబడకపోవచ్చు. డిస్క్ మంచిగనే ఉంటది, డ్రైవర్ ఒక్కటే లేంది. కంపెనీ సైట్‌ల మీ మోడల్ కొట్టి ఇంటెల్ రాపిడ్ స్టోరేజ్ డ్రైవర్ తీసి, విప్పి, అదే పెన్‌డ్రైవ్‌ల ఒక ఫోల్డర్‌ల పెట్టుకోవాలె, లోడ్ డ్రైవర్ నొక్కి ఆ ఫోల్డర్ చూపెడితే డిస్క్ వస్తది. వానికి అట్లనే వచ్చింది, హోమ్ ఎక్కింది, వైఫై తగలంగనే యాక్టివేటెడ్ అని పడ్డది. ఒకవేళ సెటప్‌ల వైఫై కనబడకపోతే ఫోన్‌ను కేబుల్ తోటి పెట్టి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేసి చూడుండ్రి, చాలవరకు నడుస్తది.

పార్టిషన్లు డిలీట్ చేసే దగ్గర సైజు చూసి నొక్కుండ్రి, పేర్లు చూసి కాదు, సెటప్‌ల డ్రైవ్ అక్షరాలు సీ, డీ అని రావు. మింట్ ఎక్కించేటోళ్లకు ఒక సుఖముంది, ముందు లైవ్‌ల, అంటే ఇన్‌స్టాల్ చేయకుండ పెన్‌డ్రైవ్ మీదికెళ్లే, నడిపి చూస్కోవచ్చు, ఇన్‌స్టాల్ అని మీరు నొక్కేదాక హార్డ్ డిస్క్ జోలికి పోదు. అప్పుడే వైఫై, సౌండ్, బ్లూటూత్ అన్నీ నడుస్తున్నయా చూడుండ్రి, కీబోర్డ్ సెట్టింగ్స్‌ల తెలుగు లేఅవుట్ గుడ కలుపుకొని నాలుగు అక్షరాలు కొట్టి చూడుండ్రి.

పనైనంక కొన్నిసార్లు ఆ పెన్‌డ్రైవ్ విండోస్‌ల పెడితే 16 జీబీది కాస్త కొన్ని ఎంబీలే చూపెడతది, ఎచర్ లాంటివాటితోటి లైనక్స్ రాసినప్పుడు ఎక్కువ అయితది. కరాబ్ అయిందని పడేయకుండ్రి. రూఫస్‌లనే బూట్ సెలెక్షన్ దగ్గర నాన్ బూటబుల్ అని పెట్టి స్టార్ట్ కొడితే మళ్ల మొత్తం సైజు వస్తది.