రాజ్యాంగ సవరణ బిల్లును సభలో మార్చాలంటే ఏ మెజారిటీ? గ్రూప్-2 పాలిటీ ప్రిపరేషన్ అనుభవం

గ్రూప్-2 మెయిన్స్ పేపర్-1లో భారత రాజ్యాంగానికి 75 మార్కులు. శ్రీకాకుళంలో నాతో కలిసి చదివినవాళ్లలో చాలామందికి రాజ్యాంగాన్ని ఎలా సవరించాలో చెప్పే 368వ అధికరణం నోటికి వచ్చు. అదే రాజ్యాంగ సవరణ బిల్లు సభలో ఉండగా ఒక ఎంపీ లేచి అందులో ఫలానా క్లాజు (బిల్లులోని ఒక భాగం) మార్చాలని సవరణ పెడితే ఎన్ని ఓట్లు కావాలని అడిగితే మాత్రం సగం మంది "మూడింట రెండొంతులు" అనేవారు.

కాదు, సాధారణ మెజారిటీ, అంటే ఓటేసినవారిలో సగానికి మించి వస్తే చాలు. ఈ సంగతి రాజ్యాంగంలో దొరకదు, లోక్‌సభ నియమావళిలో ఉంది. 155తో మొదలయ్యే కొన్ని నియమాలే. దయచేసి ఒక్కసారి చదవండి, గంట కూడా పట్టదు. క్లాజుకు పెట్టిన సవరణ మామూలు బిల్లులో లాగే నెగ్గుతుంది. ఆ తర్వాత సవరించిన క్లాజును ఓటుకు పెట్టినప్పుడు మాత్రం ప్రత్యేక మెజారిటీ కావాలి, అంటే హాజరై ఓటేసినవారిలో మూడింట రెండొంతులు, మొత్తం సభ్యుల్లో సగానికి మించి. బిల్లును పరిశీలనకు తీసుకోవడానికీ, చివర్లో ఆమోదించడానికీ అంతే. బిల్లు పేరుకు సాధారణ మెజారిటీ సరిపోతుంది.

లెక్క వేసి చూస్తే గట్టిగా పట్టుబడుతుంది. లోక్‌సభలో 543 మంది సభ్యులు, 480 మంది ఓటేశారనుకోండి. సవరణకు 241 చాలు. అదే సవరణతో కూడిన క్లాజుకు 320 కావాలి. ఓటేసింది 390 మందే అయితే? మూడింట రెండొంతులు 260. కానీ మొత్తం సభ్యుల్లో సగానికి మించాలి కాబట్టి 272 రాకపోతే వీగిపోతుంది. తటస్థంగా ఉన్నవాళ్లు 'హాజరై ఓటేసినవారి' లెక్కలోకి రారు. ప్రశ్న తయారుచేసేవాళ్లకు ఇష్టమైన చోటు ఇదే అని నా నమ్మకం.

నియమాలకన్నా నాకు ఎక్కువ ఉపయోగపడింది బిల్లుల చరిత్ర. రాజభరణాల (మాజీ సంస్థానాధీశులకు ప్రభుత్వం ఇచ్చే భత్యాల) రద్దు బిల్లుకు 1970 సెప్టెంబరులో రాజ్యసభలో అనుకూలంగా 149, వ్యతిరేకంగా 75 ఓట్లు వచ్చాయి. 224లో మూడింట రెండొంతులంటే 149.33. అంత దగ్గరికి వచ్చి ఆగిపోయింది! 1978లో 45వ సవరణ బిల్లులో రెఫరెండం (ప్రజలే నేరుగా ఓటేసి తేల్చడం) సహా కొన్ని క్లాజులను రాజ్యసభ ఒప్పుకోలేదు. అవి పోగా మిగిలిన బిల్లుకు తర్వాత లోక్‌సభ కూడా సరే అంది. అదే 44వ సవరణ చట్టం. బిల్లు నంబరు, చట్టం నంబరు వేరని ఇక్కడే గుర్తుపెట్టుకోండి. జీఎస్టీ కూడా అంతే, 122వ బిల్లు 101వ సవరణ అయింది. దాన్ని 2016 ఆగస్టు 3న రాజ్యసభ సవరణలతో ఆమోదించింది, ఒక శాతం అదనపు పన్ను తీసేసింది. ఆగస్టు 8న లోక్‌సభ ఆ మార్పులకు ఒప్పుకుంది.

ఒప్పుకోకపోయి ఉంటే ఏమయ్యేది? బిల్లు అక్కడితో ఆగిపోయేది. 108వ అధికరణం కింద రెండు సభల ఉమ్మడి సమావేశం రాజ్యాంగ సవరణ బిల్లుకు వర్తించదు. అందుకే ఒక సభ చేసిన మార్పు రెండో సభకు అంత ముఖ్యం.

కొన్ని బిల్లులకే అవసరమయ్యే రాష్ట్రాల ఆమోదం దశ గురించి ఎక్కువ సమయం పెట్టనక్కర్లేదు. కనీసం సగం రాష్ట్రాల శాసనసభలు సాధారణ మెజారిటీతో అవునో కాదో చెప్పాలి, బిల్లులో ఒక్క అక్షరం కూడా మార్చలేవు. గడువు రాజ్యాంగం చెప్పలేదు. 24వ సవరణ (1971) తర్వాత రాష్ట్రపతి సంతకం పెట్టి తీరాలి, తిప్పి పంపే వీలు లేదు.

పాలకొండ, టెక్కలి వైపు నుంచి రోజూ బస్సులో వచ్చిపోతూ చదివే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక మాట. మెజారిటీల పట్టిక బట్టీ పట్టే బదులు బస్సులో ఒక బిల్లు తీసుకుని, ప్రవేశపెట్టిన దగ్గర్నుంచి సంతకం దాకా మనసులో నడిపించండి. తప్పు జవాబుకు మూడో వంతు మార్కు పోయే పరీక్షలో ఊహకు చోటు తగ్గించే పద్ధతి నాకు తెలిసి ఇదే. మొదటిదిగా 2023 మహిళా రిజర్వేషన్ల బిల్లు తీసుకోండి. లోక్‌సభలో అనుకూలం 454, వ్యతిరేకం 2. కనీసం ఎన్ని ఓట్లు వస్తే నెగ్గేదో, దానిలోని ఒక క్లాజుకు పెట్టిన సవరణకు ఎన్ని సరిపోయేవో లెక్క వేయండి.